ఆకు జరిపిన రోజు

మొన్న పొద్దున్న మా గుమ్మంలో రొయ్యల గంప దించిన జాలరి సోదరి బేరం మాట ఎత్తలేదు. “అయ్యగోరు ప్రభువు కాడికి ఎల్లిపోనారమ్మా,” అని గంప పక్కనే కూలబడింది.

నౌపడ దగ్గరి మా చిన్న సంఘానికి ఆయన ముప్పై ఏళ్ళు పాస్టరు. నాకు బాప్తిస్మమిచ్చింది ఆయనే.

అయ్యగారికి మామిడి అంట్లు కట్టడం ఇష్టం. వాక్యం చెబుతూనే మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళేవారు. “యూదులు తల్లిచెట్టమ్మా. మనం పరాయి కొమ్మలం, దయవల్ల అంటుకున్నాం. కొమ్మ వేరు మీద మిడిసిపడితే ఏటవుతాది?” అంటూ అరటినార ముడిని పంటితో బిగించేవారు.

రెండేళ్ళ క్రితం యెరూషలేములో యుద్ధమని రేడియోలో విన్నాక మా వాళ్ళకు కడవరి దినాల భయం పట్టుకుంది. ప్రభువు వచ్చేలోగా పవిత్రులం కావాలని పెద్దలు మోషే ధర్మశాస్త్రం తిరగేశారు. రొయ్యల్లాంటి పొలుసు లేనివి తినడం, ముట్టడం అపవిత్రమన్నారు. ఆ ఏడు కోతల పండుగ విందులో, కొత్తగా బాప్తిస్మం పొందిన ఈ సోదరి నా పక్కన కూర్చుంది. రొయ్యలమ్మే చెయ్యి కదా అని ఎవరో గొణిగారు. నేను నా విస్తరాకు తీసుకుని ఎదుటి వరసలోకి జరిగాను. ధర్మశాస్త్రం సాకు మాత్రమే. మాది రైతు కుటుంబమన్న గర్వం నాది.

అయ్యగారు తన ఆకు తెచ్చి ఆ ఖాళీలో వేసుకున్నారు. “అపొస్తలుల తొలినాళ్ళలో యూదులూ అన్యజనులూ ఒక్క బల్ల దగ్గర కూకోడానికి ఎంత పెనుగులాడారో! ఆ తగువు తీరిపోయిందనుకున్నాను,” అన్నారు. తర్వాత మెల్లగా నన్నడిగారు, “ప్రభువు ఈ పూటే వస్తే ఏ వరసలో కూకుంటాడమ్మా?”

ఆయన మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. క్షమించమని ఈ ఆదివారం అడుగుదాం, వచ్చే ఆదివారం అడుగుదాం అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను.

ఇక ఆయనను అడగలేను. అందుకే గుమ్మంలో ఆమె పక్కన కూర్చుని అడిగాను. “ఆ రోజు నేను ఆకు జరిపేశాను. గుర్తుందా? నన్ను క్షమించు.”

“ఎందుకు గురుతుండదమ్మా? నువ్వు లెగిసిపోబట్టే కదేటి, అయ్యగోరు నా పక్కన కూకున్నారు! ఆయన వడియం కూడా నాకే ఏసీసినారు,” అని ఏడుస్తూనే నవ్వింది. తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆయన సమాధి కార్యక్రమం అయ్యాక ఇద్దరం ఆయన పెరట్లోకి వెళ్ళాం. ఆయన కట్టిన చివరి అంటు ఇంకా పట్టలేదు. ఆమె చెంబుతో నీళ్ళు పోసింది. నేను వంగి చూశాను. నారముడి మీద ఆయన పంటి గుర్తులు అలాగే ఉన్నాయి.