జిగేల్ బ్యాండూ, టైలరు గారి గొంతూ

ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు నలభై మూడో ఏట రాక్ గాయకుడయ్యాడు. ఎవరూ అవ్వమనలేదు, ఆ నేరం పూర్తిగా తనదేనని ఆయనే ఒప్పుకుంటాడు. పార్టీ గౌన్లు కుట్టగా మిగిలిన చమ్కీ ముక్కలు కొట్టు అటక మీద పేరుకుపోతుంటే, పారేయడానికి మనసొప్పక ఒక కోటు కుట్టుకున్నాడు. వేసుకుని అద్దంలో చూసుకున్నాక, ఇంత కోటున్న మనిషి ఊరికే మిషను తొక్కుతూ కూర్చోవడం అన్యాయమనిపించింది. అలా కోటు ముందు వచ్చింది, సంగీతం తర్వాత వచ్చింది.

బ్యాండుకి జిగేల్ అని పేరు పెట్టాడు. గిటారు వాయించేది బావమరిది. వారమంతా ఫ్రిజ్‌లు బాగుచేసి, సెలవు రోజున తీగలు మీటేవాడు. డ్రమ్స్ దగ్గర కూర్చునేది పక్క వీధి లెక్కల టీచరు. ఆవిడ దెబ్బ ఒక్కటీ తప్పేది కాదు. పాటలు రాసేదీ పాడేదీ టైలరే. పొడుగు కుట్టు వేసేటప్పుడు పల్లవి, కాజాలు కుట్టేటప్పుడు చరణం పుట్టేవి. పక్కనే కూర్చుని అంచులు కుడుతూ భార్య రోజంతా వినేది. ఎలా ఉందని అడిగితే, "కాలరు బాగా కుదిరిందండీ" అనేది. పాపం, దానికి సంగీతం తెలియదులే అని ఈయన సర్దిచెప్పుకునేవాడు.

మొదటి ఏడాది వినడానికి వచ్చింది ముగ్గురి తాలూకు చుట్టాలే. వాళ్లూ మొహమాటానికి వచ్చారు. మూడో ఏడాదికి కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. టైలరు భుజాల మీద ఈకలు, మోకాళ్ల దాకా వెండి బూట్లు, కళ్ల చుట్టూ నీలం రంగు. ఆయన స్టేజి ఎక్కగానే ఈలలు, నోరు తెరవగానే ఇంకా ఈలలు. ఆ గోలలో తన గొంతు తనకే వినపడకపోతే, గొప్ప గాయకులందరికీ ఇంతేనేమో అనుకున్నాడు పిచ్చి మారాజు. మంచి టైలరని ఊరంతా అంటారు. గాయకుడని ఒక్కరైనా అంటే చాలు, ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదనుకునేవాడు.

ఆ మాట అనగలిగే మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం హాల్లో ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకి రికార్డింగు స్టూడియో ఉంది. నచ్చితే ఒక పాట రికార్డు చేస్తానన్నాడు. టైలరు ఆ రోజు కోసం వెండి ప్యాంటు కుట్టుకున్నాడు. ఊళ్లో ఆడవాళ్లందరికీ అడక్కుండానే రెండు వేళ్ల వదులు పెట్టే మనిషి, తన నడుం దగ్గరికొచ్చేసరికి పదేళ్ల కిందటి కొలతే నిజమని వాదించాడు. మొదటి పాటలో గాల్లోకి ఎగిరాడు. దిగేసరికి జిప్పు పక్క కుట్టు చీలిపోయింది.

"టీచరమ్మా, నేనొచ్చేదాకా ఏదో ఒకటి లాగించండి!" అని రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తెర వెనక్కి పరిగెత్తాడు.

అక్కడ భార్య సూదీ దారంతో సిద్ధంగా ఉంది. "ఇటివ్వండి, నేను కుడతాను."

"నా పరువు నేనే కుట్టుకుంటాను" అని సూది లాక్కుని, బూట్లూ ప్యాంటూ విప్పి, నడుముకి తువ్వాలుతో కూర్చుని కుట్టసాగాడు.

బయట టీచరు మైకు దగ్గరికి లాక్కుని, డ్రమ్ము మెల్లగా తడుతూ పాట ఎత్తుకుంది. అది ఆయన పాటే. చూపు తగ్గాక సూదిలో దారం ఎక్కించమని వాళ్లమ్మ పిలిచే పిలుపు మీద రాసుకున్నది. టీచరు గొంతులో హొయలేమీ లేవు. నల్లబల్ల మీద రాసినట్టు మాట తర్వాత మాట తిన్నగా పాడింది. హాల్లో ఎవరూ ఈల వేయలేదు, కుర్చీ కూడా కదల్లేదు. వింటుంటే వాళ్లమ్మ పిలిచినట్టే ఉంది. తాను పాడిన వందసార్లలో ఒక్కసారీ అమ్మ పిలవలేదు. టైలరుకి దుఃఖం పొంగుకొచ్చింది, దాని వెనకే అసూయా వచ్చింది.

రెండు నిమిషాల్లో కుట్టు ముగించి, సూది భార్య చేతికిచ్చి, ప్యాంటు తొడుక్కుని, తెర పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో చరణం మిగిలే ఉంది. ఇప్పుడు వెళ్తే మైకు తనదే, స్టూడియో ఆయనకి కనపడేదీ తనే.

"అయిపోయిందిగా, వెళ్లండి" అంది భార్య.

"ఇంకో కుట్టుంది" అన్నాడు. ప్యాంటు ఒంటి మీదే ఉంది, సూది ఆవిడ చేతిలో ఉంది.

పాట అయిపోయింది. హాలంతా చప్పట్లు.

"ఈ పాట నేను రాసిందేనా?" అన్నాడు.

"మీరు రాసిందే. రోజూ వింటున్నా ఇంత మంచి పాటని నాకూ ఇప్పుడే తెలిసింది" అంది.

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ల నీలం చెంపల మీదికి కారింది.

బావమరిది తెర సందులోంచి తల దూర్చాడు. "బావా, తొందరగా రా! స్టూడియో ఆయన ఈ పాటే రికార్డు చేద్దామంటున్నాడు. మైకు నీకు తెచ్చి పెట్టనా?"

"వద్దురా" అన్నాడు టైలరు. "టీచరమ్మ దగ్గరే ఉండనీ."