ఇద్దరి పెళ్లిచీర

హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో, పెనుకొండ దగ్గర ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒడిలో కవరు, అందులో తెల్లచీర. క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికూతురు తెల్లచీర కడుతుందని తెలిసిన తెలివితో, "పెండ్లికా అవ్వా?" అన్నాను.

"మట్టి చేసేదానికి నాయనా. మా చెల్లెలు పోయినాది. ఇద్దరమూ ఈ చీరతోనే పెండ్లి చేసుకున్యాం, రెండోది కొనే స్తోమత యాడుండె? ఇదే కట్టి పంపించాల."

ఇలాంటప్పుడు మూసుకునే నోరు నాకు దేవుడివ్వలేదు. అయినా ప్రయత్నించాను.

"సంతోషమే మందని బైబిల్లో ఉండాదంటాడు పాస్టరయ్య. ఇంగో ఆదివారం, నవ్వేదానికన్నా ఏడ్చేదే మేలంటాడు. నాకు పొద్దున్నుంచి రెండూ రాలేదబ్బా. ఆడ అందరూ ఏడుస్తాంటే నేను కట్టె మాదిరి నిలబడితే ఏమనుకుంటారు?"

"ఈసారి మాత్రం మీ చెల్లెలు చీర తిరిగివ్వదవ్వా" అనేశాను.

అవ్వ నా వైపే చూసింది. చెంపదెబ్బకు సిద్ధపడ్డాను.

"అప్పుడు మాత్రం ఇచ్చినాదా, దొంగముండ! నేనే పోయి దాని ట్రంకులోంచి ఎత్తుకొచ్చుకున్యా!" అని పగలబడి నవ్వింది. డ్రైవరు అద్దంలో చూశాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో పక్కనున్న నాకే తెలియలేదు. చీర తడవకుండా కవరును దూరంగా పట్టుకుని, ధర్మవరం దాకా ఏడ్చింది.

దిగేటప్పుడు "చల్లగా ఉండప్పా" అంది.

ఇప్పుడు ఎవరైనా మరీ గట్టిగా నవ్వితే, అది ఆగేదాకా నేను లేచి వెళ్లను.