బాబాయి నర్సింగు తనిఖీ

మా బాబాయికి అనుమానం. దేనిమీద అని అడక్కండి, ఎందుకడిగారా అని మీమీద కూడా వస్తుంది. ముప్పయ్యేళ్లు దుకాణాల్లో తక్కెడలు, తూకపురాళ్లు తనిఖీ చేసిన మనిషి. తను రిటైరయ్యాడు గానీ, చూపు రిటైరవలేదు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో సరిచూస్తాడు. రెండూ ఒకటే టైము చూపిస్తే "కూడబలుక్కున్నాయి" అంటాడు.

నేను నర్సునవుతానన్నాక బల్లమీదికి రెండు కాలేజీల ప్రకటన కాగితాలొచ్చాయి. ఒకటి నాలుగేళ్ల డిగ్రీ, రెండోది రెండేళ్ల ప్రాక్టికల్ నర్సింగ్ డిప్లొమా. నాన్న డిగ్రీయే అన్నాడు. నాకు డిప్లొమా కావాలి. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మకు ఇన్సులిన్ వెయ్యబోతే నా చెయ్యి వణికేది, ఏదో వంక పెట్టి నాన్నకు అప్పగించేదాన్ని. ఈ పని నావల్ల అవుతుందో లేదో ఏళ్ల తరబడి ఆగి తెలుసుకోవాలంటే నాకు భయం.

బాబాయి రెండు కాగితాలూ వెలుతురుకెత్తి చూశాడు.

"రెండింటిమీదా ఫొటోలో నవ్వే పిల్ల ఒక్కతే. ఇది ఏ కాలేజీలోనూ చదివుండదు."

"అయితే దేన్లో చేరమంటావ్ బాబాయ్?"

"ఆగు. తనిఖీ చెయ్యకుండా ముద్ర వెయ్యను."

మర్నాటి నుంచి పొద్దున్నే మాయమయ్యేవాడు. "ఈ వయసులో రోజూ ఇస్త్రీ చొక్కా ఎందుకే?" అని పిన్ని నన్ను నిలదీసింది. సాయంత్రం చేతులకు ప్లాస్టర్లతో దిగేవాడు. ఏంటిదంటే "దోమ" అనేవాడు. కుట్టిన చోట ప్లాస్టర్ వేసి వెళ్లే దోమను మేమెవరమూ చూడలేదు.

పదోరోజు నాన్న ముందు కూర్చుని డైరీ తెరిచాడు. రెండు కాలేజీల్లోనూ పిల్లలు నేర్చుకోవడానికి తన చేతులు అప్పగించి వచ్చాడట!

"డిగ్రీ పిల్లలు బీపీ చూడటమే కాదన్నయ్యా, ఎందుకు పెరిగిందో కూడా చెప్పారు. చదువు గట్టిది, అనుమానం లేదు." ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. "కానీ అక్కడ రోగి దగ్గరికి పంపేది రెండో ఏడు. డిప్లొమాలో మూడోనెలకే వార్డు. దీనికి అదే మంచిది."

"పెద్ద పోస్టులకు డిగ్రీ అడుగుతార్రా!"

"తర్వాత డిగ్రీలో చేరొచ్చట. ముగ్గుర్ని విడివిడిగా అడిగాను."

"ఇంతకీ దీనికి వార్డుకెళ్లే తొందరేంటి?"

బాబాయి నావైపు ఓసారి చూసి డైరీ మూసేశాడు. "నాకో అనుమానం ఉందిలే. నీకు చెప్పను."

మూడోనెల, వార్డులో నా మొదటి ఇంజెక్షన్. సిస్టర్ తెర జరిపితే మంచంమీద బాబాయి, చొక్కా చెయ్యి మడుచుకుని.

"మేకు గుచ్చుకుంది. డాక్టరు టీటీ రాశాడు."

"నిజంగా గుచ్చుకుందా?"

"నీకీ అనుమానం ఎక్కణ్ణుంచి అబ్బిందే?"

నా చెయ్యి వణకడం మొదలెట్టింది. పాలు పోస్తుంటే గిన్నెమీంచి కన్ను తిప్పని మనిషి, మొహం గోడవైపు తిప్పేశాడు.

"చూడవా బాబాయ్?"

"చూడ్డానికేముంది? కానియ్."

కళ్లు చెమర్చాయి గానీ, చెయ్యి నిలబడింది.

"అయిపోయింది" అన్నాను.

"నాకేం తెలీలేదే!" అంటూ ఇటు తిరిగి, ఖాళీ సిరంజి వెలుతురుకెత్తి చూపించమన్నాడు. ఒంటికన్నుతో పరీక్షగా చూశాడు.

"సరిగ్గానే ఉంది. ఇదిగో ముద్ర" అని నా నెత్తిమీద ఓ మొట్టికాయ వేశాడు.