ఎర్రగీత దాటిన సూది

మా పాత కారులో ఇంజన్ వేడి చూపించే సూది ఒకటి ఉండేది. కింద నీలం గీత, పైన ఎర్ర గీత. ఏళ్ళ తరబడి ఆ సూది మధ్యలోనే నిలబడి ఉండడంతో దాన్ని చూడాలన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు. మా ఆయన మాత్రం నేను స్టీరింగు పట్టుకున్నప్పుడల్లా పక్కన కూర్చుని "సూది చూసుకో, సూది చూసుకో" అని జపం చేసేవారు. ఆయన అన్నకొద్దీ నాకు చూడబుద్ధయ్యేది కాదు. ఎవరైనా చెప్పిన పని చేస్తే నా సొమ్మేదో పోతుందనుకునే మొండిదాన్ని నేను.

ఆ కారుకు మొదటినుంచీ ఒకడే మెకానిక్కు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక సందులో ఆయన షెడ్డు. అందరూ ఉస్తాద్ అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. ఉస్తాద్ పెద్దకొడుకు తండ్రి దగ్గరే పని నేర్చుకుని, పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా అక్కడే పనిచేసేవాడు.

ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. బండి తీసుకెళ్ళిన వెంటనే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు నడిపిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలు. చప్పుడు పొద్దున వస్తదా, వేడెక్కినంకనా? ఏసీ వేస్తే వస్తదా, వెయ్యకున్నా వస్తదా? గతుకులల్లనా, సాఫు రోడ్డు మీదనా? పాతకాలం డాక్టర్లు నాడి పట్టేముందు నిన్న ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు అని అడిగేవాళ్ళు కదా, అలాగ. "మనిషి మొత్తం చెప్పినంకనే పానా పట్టాలె" అనేవాడు. టీ అయ్యేసరికి జబ్బేమిటో చెప్పేసేవాడు. లేచి బానెట్ ఎత్తితే అక్కడ అదే ఉండేది. తొందర మనిషిని కాబట్టి మొదట్లో నాకు ఈ తతంగం చిరాకు తెప్పించింది. తర్వాత్తర్వాత ఆ స్టూలు మీద కూర్చోవడం నాకిష్టమైపోయింది. ఇంట్లో నేను చెప్పేది అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఎవరూ లేరు మరి.

మూడేళ్ళ కిందట మే నెలలో మా ఆయన విజయవాడలో ఏదో పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తున్నారు. రైలు నాంపల్లికి వస్తుంది. ఆటోలో వచ్చేస్తానన్నారు ఫోన్‌లో. "ఆటో ఎందుకు? కారు తెస్తాను, మీరు బయటికి వచ్చేసరికి గేటు ముందు ఉంటాను" అన్నాను. "నువ్వా? ఆ ట్రాఫిక్‌లోనా?" అని నవ్వారు. ఆ నవ్వుతో నాకు పంతం పట్టింది.

రైలు ఆలస్యమై పదకొండు దాటింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. బషీర్‌బాగ్ చౌరస్తాలో సిగ్నల్ పడినప్పుడు ఎందుకో సూది వంక చూశాను. ఎర్రగీత మీద ఉంది. ఆపాలని నాకు తెలుసు. అంత తెలియనిదాన్నేం కాదు. కానీ ఆపితే ఆయన స్టేషన్ బయట సూట్‌కేసుతో నిలబడి నాకు ఫోన్ చేస్తారు, ఆ తర్వాత జీవితాంతం ఆ కథ చుట్టాలందరికీ చెబుతారు. ఏసీ కట్టేసి, అద్దాలు దించి ముందుకు పోయాను. అబిడ్స్ దాకా వచ్చేసరికి సూది ఎర్రగీత దాటి ఇంక పోవడానికి చోటు లేక ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. స్కూటర్ మీద ఒకాయన పక్కకు వచ్చి "మేడమ్, పొగొస్తున్నది, ఆపున్రి" అని అరిచాడు. తెలుసన్నట్టు చెయ్యూపాను. అక్కడినుంచి నాంపల్లి ఎంత దూరమని! ట్రాఫిక్‌లో ఆ కాస్త దూరానికే పావుగంట పైన పట్టింది. స్టేషన్ గేటు ముందుకు రాగానే ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. గెలిచాననుకున్నాను, వెర్రిమొహాన్ని.

మా ఆయన వచ్చి, ఆవిరి చూసి, సూట్‌కేసు వెనక సీట్లో పెట్టారు. అరగంట ఆగి తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. అప్పుడు ఆయనే నడిచి వెళ్ళి ఉస్తాద్‌నూ కొడుకునూ వెంటబెట్టుకొచ్చారు.

నడిరోడ్డు మీద కూడా ఉస్తాద్ పద్ధతి మార్చలేదు. ఎదురుగా ఉన్న హోటల్ నుంచి టీ తెప్పించి, నీడలో నన్ను నిలబెట్టి అడిగాడు.

"అమ్మా, జర నిమ్మళంగ చెప్పున్రి. సూది మీదికి పోయినంక ఎంతసేపు నడిపిన్రు?"

పక్కనే మా ఆయన, చేతులు కట్టుకుని నా నోటివంకే చూస్తూ.

"అసలు నడపలేదు. ఇక్కడికి వచ్చాకే పైకి వెళ్ళింది. చూసిన వెంటనే ఆపేశాను" అన్నాను.

"అబిడ్స్ కాడ గిట్ల బాగనే ఉండెనా?"

"బాగానే ఉంది."

ఉస్తాద్ మొహం తేటపడింది. "గట్లయితే ఫికర్ లేదు సార్. నీళ్ళ పైపు పగిలింది, గంతే" అన్నాడు. బానెట్ ఎత్తితే నిజంగానే పైపు పగిలి ఉంది. కొత్తది వేసి నీళ్ళు పోశారు. తాళం తిప్పితే మళ్ళీ అదే 'టక్'. ఇంతసేపు ఫ్యాను తిరిగి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, తోస్తే లేస్తుందన్నాడు ఉస్తాద్.

అప్పుడు కొడుకు అడ్డుపడ్డాడు. "నాయినా, తోసే ముందు ఒకసారి ప్లగ్గులు ఇప్పి చూద్దామా? లోపటికి నీళ్ళు దిగినయేమో."

"అమ్మ వెంటనే ఆపిన అంటున్నది గదరా. ఎన్నేండ్ల సంది చూస్తున్న అమ్మను. అక్కర లేదు."

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట నాకు వినపడింది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నీళ్ళు దిగితే ఏమవుతుందో నాకు తెలియదు, నిజమే. కానీ ఆయన నా మాట మీద ఏదో వదిలేస్తున్నాడని మాత్రం తెలుసు. అప్పుడు నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది.

నలుగురు ఆటోవాళ్ళను పిలిచి తోయించారు. ఉస్తాద్ స్టీరింగు దగ్గర కూర్చుని, బండి ఊపందుకోగానే రెండో గేరులో క్లచ్ వదిలాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు. రోడ్డు మీద నల్లగా ఆయిలు పారింది. తోసినవాళ్ళు వెనక్కి జరిగారు.

ఉస్తాద్ కిందికి దూరి చూసి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నాకే వివరంగా చెప్పాడు. ఎక్కువసేపు వేడెక్కితే ఇంజన్ లోపల మూత కింది రేకు కాలిపోతుందట. రేడియేటర్ నీళ్ళు ఇంజన్ లోపలికి దిగుతాయట. నీళ్ళు నిండినప్పుడు బలవంతాన తిప్పితే లోపలి కడ్డీ వంగి ఇంజన్‌నే పొడిచేస్తుందట. "పాత బండి గదమ్మా, కొద్దిసేపట్లనే రేకు పోయినట్టున్నది. నేను చూసుకోవాలె. తప్పు నాదే" అన్నాడు.

ఆ చెప్పిన తీరులో నా మీద అనుమానం ఇసుమంతైనా లేదు. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. "మీ అబ్బాయి చెబుతూనే ఉన్నాడు కదా! రెండు నిమిషాల పని. ఇన్నేళ్ళ అనుభవం ఇదేనా?" అని పదిమందిలో కేకలేశారు. ఉస్తాద్ తల దించుకున్నాడు. కొడుకు మొహం ఎర్రబడింది, అది మా మీద కోపమో తండ్రి మీద కోపమో నాకు తెలియలేదు. ఇంజన్ తనే కొత్తగా కట్టిస్తానని ఉస్తాద్ ఎంత చెప్పినా మా ఆయన వినలేదు. కారు తుక్కు కింద పోయింది. తర్వాత కొన్న కారు కంపెనీ షోరూములోనే బాగు చేయించుకున్నాం.

ఎందుకు అబద్ధం చెప్పావని అడిగితే, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుగా ఉంటుంది ఏం చెప్పినా. మొగుడి ముందు చిన్నబోకూడదని చెప్పాను. ఆ మొగుడు ఆ రాత్రికే సంగతంతా మరచిపోయి నిద్రపోయారు. మరుసటి వారం వెళ్ళి ఉస్తాద్‌కు చెప్పేద్దామనుకున్నాను. ఆ వారం వెళ్ళలేదు. ఆ తర్వాత ఇంతకాలం ఊరుకుని ఇప్పుడేం చెబుతామని వెళ్ళలేదు. నాంపల్లిలో పని పడితే ఆ సందు ముఖం చూడకుండా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

ఈమధ్య బేగం బజార్‌కు వెళ్ళి పప్పులూ ఎండుమిరపకాయలూ కొనుక్కుని ఆటోలో వస్తున్నాను. రోడ్డు మీద ఏదో తవ్వుతున్నారని ఆటో అతను నన్నడక్కుండా ఆ సందులోకి తిప్పాడు. సరిగ్గా షెడ్డు ముందు ట్రాఫిక్ ఆగింది. ఉస్తాద్ బయట స్టూలు మీద కూర్చుని ఒక డబ్బాలో నట్లూ బోల్టులూ వేరు చేస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక లేచి నిలబడ్డాడు.

"అమ్మా! ఎన్ని దినాలాయె! సార్ బాగున్నడా? దిగున్రి, చాయ్ తాగి పోదురు."

దిగక తప్పలేదు. ఆటోను పంపేసి, సంచులు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. టీ సగం తాగానో లేదో ఒక కారును తాడు కట్టి లాక్కొచ్చారు. వేడెక్కి ఆగిపోయిందట. దాని యజమాని కుర్రాడు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు. ఉస్తాద్ వెంటనే అతనివైపు తిరిగి, "కూసో బాబూ. సూది మీదికి..." అని మొదలుపెట్టాడో లేదో, లోపలినుంచి కొడుకు, "నాయినా, నువ్వు ఊకుండు. నేను చూస్తున్న గద" అన్నాడు. కసరలేదు. పిల్లలకు చెప్పినట్టు మెత్తగా చెప్పాడు. ఉస్తాద్ మళ్ళీ డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీరు చూడటం లేదా?" అని అడిగాను.

"ఏడియమ్మా. మీ బండి సంగతి అయిన కాడి నుంచి మావోడు ఇంజన్ మీద చెయ్యి వెయ్యనిస్తలేడు. తప్పేం లేదు వానిది. గిరాకీ పోతదని భయం. నాకు గూడ ధైర్యం సాలలే. మనిషి చెప్పింది పట్టుకొని బండిని సూస్తే గట్లనే అయితది అన్నడు. ఔ, నిజమే గద అనుకున్న."

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఒక మనిషి జీవితమంతా నమ్ముకున్న పనితనాన్ని నేనొక్క మాటతో తీసేశాను, ఆయన దానికి నన్నేమీ అనకుండా టీ పోయిస్తున్నాడు. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

చెప్పేశాను. బషీర్‌బాగ్ దగ్గరే ఎర్రగీత మీద చూశానని, అబిడ్స్‌లో ఆవిరి వచ్చిందని, స్కూటరాయన చెప్పినా ఆపలేదని, అన్నీ. తడబడుతూ, వెనకా ముందూ చేసి చెప్పాను. ఉస్తాద్ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. విన్నాక తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"గీ మాట మావోనికి చెప్తరా అమ్మా?" అన్నాడు.

లేచి షెడ్డు లోపలికి వెళ్ళాను. కొడుకు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వాళ్ళ నాన్న ఆరోజు సరిగ్గానే అడిగాడని, నేనే అబద్ధం చెప్పానని చెప్పాను. చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. "మూడేండ్లయిందమ్మా" అన్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, "నాయినా, రా. గీ బండి నువ్వే చూడు" అని పిలిచాడు.

ఉస్తాద్ అంత తొందరగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బా పక్కన పడింది, నట్లు చెల్లాచెదురయ్యాయి. పానా తీసుకుని బానెట్ మీదికి వంగాడు. పానా నట్టుకు పట్టలేదు. పక్కకు జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. కళ్ళు చికిలించి దగ్గరగా వంగి, వేలితో తడుముతూ నట్టు ఎక్కడుందో వెతికాడు. కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని నట్టు మీద పెట్టాడు. ఉస్తాద్ రెండుసార్లు తిప్పబోయి ఆగిపోయాడు.

"నువ్వే చెయ్యి బిడ్డా. నాకు కానొస్తలేదు. పోయినేడు దాక బాగనే కానొస్తుండె" అన్నాడు.

ఆయన ఇవతలికి వచ్చి నేలమీద కూర్చుని పడిపోయిన నట్లు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ సంచులు వదిలేసి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనకు కనపడనివి ఏరి డబ్బాలో వేశాను.