‘నా’ అంటే సోడియం

ఆ ఉదయం టీ చేతికిస్తే అమ్మ నా ముఖంలోకి చూసి, "ఎవులమ్మా నువ్వు? నన్నెందుకు ఇక్కడికి తెచ్చినారు?" అంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె ఈ టెల్కో కంపెనీ కాలనీ దాటి ఉన్నది లేదు. మతిమరుపు జబ్బు ఇలాగే మొదలవుతుందని విని ఉన్నాను.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం డాక్టరు రక్తం రిపోర్టు చూసి, "మతిమరుపు కాదు, సోడియం బాగా పడిపోయింది. బీపీ మాత్ర వల్ల కావచ్చు, మారుస్తాను. మెల్లగా కోలుకుంటారు" అన్నాడు హిందీలో. తల ఊపాను కానీ నమ్మకం కుదరలేదు.

మర్నాడు సాయంత్రం, సెలైన్ ఎక్కుతుండగా, అమ్మ పక్కనున్న రిపోర్టు అందుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది.

"ఏటే ఇది? సోడియం తగ్గిందన్నారు గదా. ఇక్కడ ‘నా’ అనుందేటి?"

నేను స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. పిల్లలు ఏటా ఇదే అడుగుతారు. లాటిన్ పేరు రాసుకోమని ముందుకు పోతాను. ఆ సాయంత్రం మాత్రం, ఆమె ఎంతవరకు వింటుందో చూద్దామని మొత్తం చెప్పాను.

"ఈజిప్టు ఎడారిలో చెరువులు ఎండితే తెల్ల ఉప్పు పేరుకునేదమ్మా. దాన్ని వాళ్లు నెచెరి అనేవారంట. ఆ మాటే గ్రీకులకి నిత్రాన్, యూదులకి నెతెర్, అరబ్బులకి నత్రూన్ అయింది. దాన్నుంచి లాటిన్‌లో నేట్రియం అని పెట్టారు. అందులో మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలే ఇవి."

"ఆ ఉప్పుతో ఏటి సేసేవోరు?"

"బట్టలుతికేవారు. శవాలు కుళ్లకుండా కూడా అదే పూసేవారు."

"ఛీ, ఆస్పత్రిలో ఆ మాటలేటే!" అని కసిరింది. మళ్లీ తనే, "మాయమ్మ సౌడు మట్టితో ఉతికేది. అలాటిదే గావాల. సేతులు పగిలిపోయేవి పాపం" అంది.

"అలాంటిదేనమ్మా" అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నిన్న నన్ను పోల్చుకోలేని మనిషి, ఎప్పుడో పోయిన వాళ్లమ్మ చేతుల్ని తలుచుకుని బాధపడుతోంది.

"ఏడుత్తన్నావేటే? నీ కూతురికి ఫోన్ సెయ్యి. పరీచ్చ ఉందంది, ఎలా రాసిందో."

రాంచీలో చదువుతున్న మా అమ్మాయి మొదటి రింగుకే ఎత్తి, భయంభయంగా, "అమ్మమ్మ కైసీ హై? బానే ఉందా?" అంది.

"నువ్వే మాట్లాడు" అని ఫోను అమ్మ చేతికిచ్చాను.