వెయ్యి కిలోమీటర్లయ్యేదాకా

కొత్త కారు ఇంటి ముందుకు వచ్చిన రోజే అందరికీ చెప్పేశాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగి మొదటి సర్వీసింగ్ అయ్యేదాకా స్టీరింగ్ మీద నా చేయి తప్ప ఇంకెవరి చేయీ పడదు. అరవై దాటించను, నిండా మనుషుల్ని ఎక్కించను, నిలబెట్టి ఇంజన్ నడిపించను. పొద్దున్నే కొత్తపేట నుంచి నాగోల్ మీదుగా ఒక్కదాన్నే తిప్పుకొచ్చేదాన్ని. కొత్త ఇంజన్ కుదురుకోవాలని కాసేపు నలభై, కాసేపు యాభై, మళ్లీ ముప్పై. వెనక లారీవాడు హారన్ కొట్టి చంపేవాడు. కొట్టుకోనీ, వాడి చేయే నొప్పి పుడుతుంది!

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వాళ్లకు ఇదంతా విడ్డూరం. నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన మా చుట్టాల్లో ఎవరు బండి కొన్నా అది అందరి బండే. పెండ్లికీ పోవాలి, పురుటికీ పోవాలి. మా ఆయన మొదటి కారు అట్లాగే నాశనమైంది. కొన్న కొత్తలోనే వరసగా పెండ్లి బరాత్‌లకు ఇచ్చాడు. ఎండల్లో ఏసీ వేసుకుని, బ్యాండు వెనక గంటల తరబడి మొదటి గేరులో పాకి, ఇంజన్ వేడెక్కి వేడెక్కి చివరికి పట్టేసింది. ఆ తర్వాత ఆయన ఇతరుల బండ్లు నడిపాడు. భుజం విరిగాక అదీ లేదు. ఇక ఈ కారుతో బడి పిల్లల్ని దింపి తెచ్చే పని నేను ఒప్పుకున్నాను. ఈ ఇంజన్ ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అందుకే పట్టు పట్టాను.

సరిగ్గా అప్పుడే మా మరిది పెండ్లి కుదిరింది.

"వదినె, బరాత్‌కు నీ బండే. బండికి పూలు కట్టేటోనికి గూడ చెప్పిన," అన్నాడు. అడగడం కూడా కాదు, చెప్పడమే.

"వెయ్యి కాలేదు. కిరాయికి మాట్లాడుకో."

"ఇంట్ల కొత్త బండి పెట్టుకొని కిరాయిదాంట్ల పోతే నలుగురు ఏమనుకుంటరు?"

లోపలి నుంచి అత్తమ్మ అందుకుంది. "ఊరోళ్లది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! నా కొడుకు బండి మీద ఈమె పెత్తనమేంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. లైసెన్సు నాది, తిరుగుడు నాది, బండి మాత్రం కొడుకుదట! కానీ మరిది మొహం చిన్నబోయింది. నేను డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పినవాడు వాడొక్కడే.

"సరే, ఇస్త. కని నడిపేది నేను. బ్యాండు వెనక ఇంజన్ బంద్ చేస్త. మీరే తోసుకోవాలె," అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. పరాచికం అనుకున్నాడు పాపం.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. రాత్రి ఊరేగింపుకు అనుమతి దొరకదేమోనని పొద్దుండగానే బరాత్ పెట్టుకున్నారు. ఫంక్షన్ హాలు ఎల్బీనగర్ చౌరస్తాకు అవతల, మా ఇల్లు ఇవతల. వెనక సీట్లో కొత్త జంట, నా పక్కన మూతి ముడుచుకున్న అత్తమ్మ. బ్యాండు మొదలుకాగానే ఇంజన్ ఆపేశాను. స్టీరింగ్ బిగుసుకుపోకుండా తాళంచెవి మాత్రం తిప్పి ఉంచాను. మరిది స్నేహితులు నమ్మలేక కాసేపు చూసి, తర్వాత నన్ను తిట్టుకుంటూనే తోశారు. ఇంజన్ ఆగితే స్టీరింగ్ తిప్పడం మాటలు కాదు, నా రెక్కలు పడిపోయాయి. అత్తమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. అయినా సరే, స్టార్ట్ చేయలేదు.

చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఉద్యమకారులు అన్నం వండుతున్నారు. కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి చేయి అడ్డం పెట్టాడు.

"పెండ్లోళ్లను ఆపం. నడిసి పోర్రి. బండి మాత్రం పోదు. ఈ పూట గీ రోడ్డు మీద ఇంజన్ చప్పుడు ఇనబడొద్దు."

"చప్పుడేడిదన్నా?" అన్నాడు తోసేవాళ్లలో ఒకడు రొప్పుతూ. "హాల్ కాన్నుంచి తోసుకుంటనే వస్తున్నం!"

ఆయన అనుమానంగా వంగి, బానెట్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. పొయ్యిల దగ్గర ఉన్నవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది.

"అరె, కొత్త బండి లెక్కుంది గద, అప్పుడే ఖరాబైందా? ఎవలది?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అద్దం దించింది. ఇంకేముంది, పదిమందిలో నా పరువు పోయిందనుకున్నాను.

"ఖరాబెందుకైతది! మంచిగుంది. బండి మా కోడలిది. వెయ్యి కిలోమీటర్లు అయ్యేదాంక అది ఎవలు చెప్పినా ఇనది. నేను చెప్తేనే ఇనలే, నువ్వు చెప్తే ఇంటదా?"

పెద్దమనిషి నవ్వుతూ పక్కకు జరిగి, పొయ్యిల మధ్య దారి ఇప్పించాడు. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి, ఎదుటి రోడ్డు సరిగా కనిపించలేదు. పక్కన తలుపు తెరుచుకుంది. అత్తమ్మ దిగింది. వెనక్కి తిరిగి చూస్తే, పట్టుచీర కొంగు బొడ్లో దోపి, ఆ కుర్రాళ్ల మధ్య నిలబడి రెండు చేతులూ డిక్కీకి ఆనించింది.

"సక్కగ పట్టు పిల్లా, తోస్తున్న," అంది.