తిరిగి చూడని పిల్ల

కోర్టు కాగితాలకు ఏ వాసన ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ఎండు నెత్తళ్ళ వాసన అని చెబుతాను. పోయిన నెల మా నాయన ఇంటి కప్పు మార్పిస్తూ, పాత ఇనప్పెట్టె ఖాళీ చేయడానికి నన్ను పిలిపించాడు. అడుగున అవ్వ చీరలు రెండు, చినిగిన వల ముక్క ఒకటి, వాటి కింద ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కొన్ని కాగితాలు ఉన్నాయి. అవ్వ బతికున్న రోజుల్లో పిల్లులకు భయపడి ఎండుచేపలు ఆ పెట్టెలోనే దాచేది. కవరు విప్పగానే ఆ వాసనకు ముందు నోట్లో నీళ్ళూరాయి, పై కాగితం మీద ఇంగ్లీషులో నా పేరు చూశాక కళ్ళల్లోనూ ఊరాయి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నేను అమ్మ దగ్గర ఉండాలా నాయన దగ్గర ఉండాలా తేల్చడానికి ఒక నిపుణురాలు నా మనసును కొలిచి కోర్టుకు ఇచ్చిన రిపోర్టు అది.

మా ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున. పేరులో పులీ కాటూ రెండూ ఉన్నాయి గానీ చాలా చోట్ల నడుం దాటని నీళ్ళు, గెడ వేసి తోసుకుంటూ పోయే పడవలు, సాధువైన సరస్సే. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి జరిగి, బురద అప్పడంలా పగిలి, దాని మీద ఉప్పు తెల్లగా పేరుకునేది. మేము ఆ ఉప్పు మీద గళ్ళు గీసి, గుల్లచిప్పను బిళ్ళగా చేసుకుని తొక్కుడుబిళ్ళ ఆడి, ఓడిపోయినవాళ్ళ చేత ఆ చిప్పను నాకించేవాళ్ళం. నేను ఎంత ఉప్పు తిన్నానో చెబితే నా ఆట ఎంత గొప్పదో మీకే తెలుస్తుంది. కార్తీకం వానలకు నీళ్ళు తిరిగొచ్చేవి, నీళ్ళతో రొయ్యలు వచ్చేవి, రొయ్యల కోసం గులాబీరంగు కొంగలు వచ్చేవి, కొంగల కోసం మెడలో కెమెరాలు వేసుకున్న పట్నం మనుషులు వచ్చేవాళ్ళు. గంగమ్మకు పొంగలి పెట్టే రోజున ఒడ్డు పొడుగునా కొత్త కుండల్లో బెల్లం మాడే వాసన, పక్కనే అవ్వ పొయ్యి మీద మామిడికాయ వేసిన పీతల పులుసు వాసన, వీటన్నిటి అడుగున నాయన వలలోంచి ఎప్పటికీ పోని నాచు వాసన. ఈ వాసనల్లో ఏది ముందు ఏది వెనక అని ఎవరైనా అడిగితే నేను కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని, లెక్కల్లో మాత్రం కళ్ళు తెరిచినా చెప్పలేకపోయేదాన్ని.

అమ్మ పుట్టిల్లు దొరవారిసత్రం వైపు, వరి పండించే ఇల్లు. అక్కడ వడ్లు ఉడికే వాసన, తడిసిన గడ్డివాము వాసన. సరస్సులో చేపలు పట్టేవాడిని అమ్మ ఇష్టపడి చేసుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. తాత, అంటే అమ్మ నాయన, మా ఇంటికి వస్తే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునే మాట్లాడేవాడు. మా అవ్వ, అంటే నాయన అమ్మ, ఆయనకు కావాలనే ఎండుచేపలు ఆరబెట్టిన చోట మంచం వాల్చేది. నా చిన్నతనంలో ఈ రెండు కుటుంబాల మధ్య జరిగిన అత్యంత మర్యాదైన సంభాషణ అదే.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉండేది. మగవాళ్ళు నీళ్ళల్లోకి పోయేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఎప్పుడొస్తావని అడగకూడదు, వెనకనుంచి పిలవకూడదు, పోయేవాడి వీపు వైపు చూస్తూ నిలబడకూడదు. ‘నీళ్ళల్లోకి పోవాల’ అనే మాట చెవిన పడగానే చేతిలో ఉన్న పని చేసుకుంటూ మొహం తిప్పుకుని లోపలికి పోవాలి. పోయేవాడు కూడా తిరిగి చూడడు. ఎందుకని అడగకూడదు, చెప్పనూ కూడదు, ఎందుకంటే ఆ కారణాన్ని నోటితో అనడమే కీడు. నాకు నడక వచ్చినప్పుడే ఇది కూడా వచ్చింది. ఎంత ఇష్టమైతే అంత గట్టిగా మొహం తిప్పుకోవాలని నాకు నేనే ఇంకో నియమం కలుపుకున్నాను. నాయన పడవ విప్పుతుంటే నేను ఇంట్లోకి పోయి, నీళ్ళ కుండకు మొహం ఆనించి, ఆయన ఒడ్డు దాటాడని అవ్వ దగ్గేవరకూ కదిలేదాన్ని కాదు. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఈ పద్ధతి వర్తించదు. అమ్మ తడ ఊరి దగ్గర కంపెనీలో కుట్టుపనికి చేరాక, పొద్దున్నే కంపెనీ బస్సు వెనక నేను ఏడుస్తూ, ఏం తెస్తావని అరుస్తూ మలుపు దాకా పరిగెత్తేదాన్ని. నీళ్ళు వేరు, రోడ్డు వేరు. ఇది మా ఒడ్డున మేకలకు కూడా తెలుసని నా నమ్మకం.

ఆ కంపెనీ పనే తగువులకు మొదలు. నాయన మాట కటువు, అమ్మది పట్టుదల, ఇద్దరి మధ్యా అవ్వ వేసే పుల్లలు, అటునుంచి తాత పోసే నూనె. ఒక ఉగాది దాటాక అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి పోయింది, వారం తిరక్కుండా నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు, మళ్ళీ తాత ట్రాక్టరులో మనుషులను వేసుకుని వచ్చాడు. చివరికి నెల్లూరు కోర్టుకు చేరింది. పిల్ల కస్టడీ కోసం కేసు వేశారని తెలిసిన రోజున అవ్వ ఇంటి ముందు కూర్చుని, చంటిపిల్లను కస్టడీలో పెడతారా, అది ఏం దొంగతనం చేసిందని ఊరందరినీ అడిగింది. నేను కూడా భయపడి, కిందటి వారం పక్కింటివాళ్ళ చెట్టు నుంచి కోసిన జామకాయల సంగతి ఒప్పేసుకున్నాను.

వాయిదాల మధ్య కోర్టువారు నన్ను ఒక మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె చదువుకు వేరే పేరు ఉంది, మా వాళ్ళకు మాత్రం మనసు డాక్టరమ్మే. పంపే ముందు రెండు వైపులా నాకు ట్యూషను జరిగింది. నాయన తాగి కొడతాడని చెప్పమని తాత, అమ్మ అన్నం పెట్టదని చెప్పమని అవ్వ. నాయన తాగేవాడు కానీ నన్ను కొట్టలేదు, అమ్మ తిట్టేది కానీ అన్నం పెట్టి తిట్టేది. అబద్ధం చెప్పకుండా ఉంటే చాలు, చదువుకున్నామె మిగతాది తనే కనుక్కుంటుందని నేను నిర్ణయించుకున్నాను. నా జీవితంలో నేను సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అది. తర్వాతి నిర్ణయాలు కూడా దాని బాటలోనే నడిచాయి.

ఆ గదిలో చలిగాలి మిషను, గోడకు నవ్వే ఏనుగు, బల్ల మీద బొమ్మల ఇల్లు, ఆ ఇంట్లో ప్లాస్టిక్ అమ్మ, ప్లాస్టిక్ నాన్న. ఆమె నాకు క్రీము బిస్కెట్లు పెట్టింది, టీవీలో వార్తలు చదివేవాళ్ళ తెలుగులో మాట్లాడింది, ఒక్కసారి కూడా కసరలేదు. కసిరి ఉంటే ఈ రోజు ఆమెను క్షమించడం నాకు సులువయ్యేది. నాన్న బయటికి వెళ్ళేటప్పుడు ఎప్పుడొస్తావని అడుగుతావా అంది. అడగనన్నాను. ఏడుస్తావా అంది. ఏడవనన్నాను. మరేం చేస్తావంటే లోపలికి పోతానన్నాను. అమ్మ వెళ్ళేటప్పుడో అంటే, ఏడుస్తాను, బస్సు వెనక పరిగెత్తుతాను అన్నాను. అన్నీ నిజాలే. ప్రతి నిజానికీ ఆమె పెన్ను ఒకసారి కదిలింది. నేను పరీక్షలో ఎప్పుడూ అన్ని జవాబులు రాయలేదు కాబట్టి, ఆ రోజు ఫస్టు వచ్చాననుకుని ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.

ఇంకో రోజు అమ్మతో ఒక గంట, నాయనతో ఒక గంట విడివిడిగా కూర్చోబెట్టి ఆమె మూలన కూర్చుని చూసింది. అమ్మ గంట అయిపోయి, కంపెనీ షిఫ్టుకు లేస్తే నేను చీర కొంగు పట్టుకుని వదల్లేదు. తర్వాత నాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతులు మాత్రం నాచు వాసన వేస్తున్నాయి. గంటసేపు నాకు దారంతో వల ముడి నేర్పించాడు. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు, వల ముడికి మాటలతో పని లేదు. అయిపోయాక లేచి, గోడ వైపు చూస్తూ, “సరేమే. నీళ్ళల్లోకి పోవాల ఇయ్యాల” అన్నాడు. నేను వెంటనే అటు తిరిగి, బొమ్మల ఇంటికి మొహం ఆనించి నిలబడ్డాను. నీళ్ళ కుండ లేదు కదా మరి. ఆయన తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఎవరూ దగ్గలేదు కాబట్టి ఎంతసేపు అలా ఉండాలో తెలియక చాలాసేపు ఉన్నాను. అంత గట్టిగా నేను అంతకుముందెప్పుడూ మొహం తిప్పుకోలేదు. మూలన పెన్ను కదులుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

తీర్పు అమ్మకు వచ్చింది. నాయనకు నెలలో రెండో ఆదివారం. తాత ఊరికి మిఠాయి పంచాడు. అమ్మ మాత్రం ఆ మిఠాయి తినలేదని ఇక్కడ రాయకపోతే అన్యాయం. అమ్మ నన్ను బాగా పెంచింది, ఆమె దగ్గర పెరిగినందుకు నాకు విచారం లేదు. విచారమంతా రెండో ఆదివారాల గురించి. నాయన ఆకులో చుట్టిన రొయ్యలు తెచ్చి, తాత ఇంటి గేటు బయట నిలబడి, నా చదువెట్లుందో అడిగి, నా మొహం కాకుండా నా చెప్పులు చూస్తూ మాట్లాడేవాడు. నా మీద ఆయనకు ఇష్టం తగ్గిందని నేను అనుకున్నాను. ఏళ్ళు గడిచాయి. నాకు సూళ్ళూరుపేటలో టీచరు ఉద్యోగం వచ్చాక కూడా మేమిద్దరం పరాయి ఊళ్ళో కలుసుకున్న పాత పరిచయస్తుల్లా వర్షాల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

పోయిన నెల, ఇనప్పెట్టె పక్కన కూర్చుని ఆ కాగితాలు చదివాను. ‘తండ్రి నుంచి విడిపోయే సమయంలో బాలిక ఎటువంటి బాధను చూపలేదు. తండ్రి వైపు చూడటానికి నిరాకరించి ముఖం తిప్పుకుంది. తండ్రి కూడా స్పందించలేదు. ఇద్దరి మధ్య అనుబంధం బలహీనంగా ఉంది.’ ఇంగ్లీషులో ఇంకా అందంగా ఉంది. తప్పు ఒక్క అక్షరం లేదు, నిజం ఒక్క అక్షరం లేదు. మా ఇంటికి ఒక్కపూట వచ్చి ఉంటే, పోనీ రాకపోయినా ‘ఎందుకు తిప్పుకున్నావమ్మా’ అని ఒక్క ముక్క నన్ను అడిగి ఉంటే సరిపోయేది. కీడో గీడో నేను చెప్పేసేదాన్నేమో. ఆమె అడగలేదు. పిల్లల మనసుల గురించి అంత చదివాక ఇంక పిల్లలను అడగాల్సిన అవసరం ఏముంటుంది. ఆ రిపోర్టు కింద ఆమె సంతకం చాలా గుండ్రంగా ఉంది. నేను ఎవరి సంతకాన్నీ అంతగా అసహ్యించుకోలేదు.

బయట వల బాగుచేసుకుంటున్న నాయన, ఏందవి అన్నాడు. ఇంగ్లీషు రాని ఆయన పదహారేళ్ళుగా దాచిన కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. పిల్లకు నువ్వంటే ఇష్టం లేదంటలే అని లాయరు కోర్టు మెట్ల మీద చెప్పిన మాట ఒక్కటే తెలుసు. నేను ఆ నాలుగు వాక్యాలు తెలుగులో చదివి వినిపించాను. ఆయన చేతిలో వల ఆగింది.

“అంటే నువ్వామెకు ఏం చెప్పలేదా? నేనొద్దని?”

“చెప్పలేదు నాయనా. నువ్వు నీళ్ళల్లోకి పోవాలన్నావు గదా. తిరుక్కున్నా.”

ఆయన సరస్సు వైపు తిరిగాడు. “నేనే గదమ్మే నేర్పించింది” అన్నాడు. వల పక్కన పెట్టి, “బాగా నేర్చుకున్నావు” అన్నాడు. పదహారేళ్ళలో మొదటిసారి నా చెప్పులు కాకుండా నా మొహం చూసి అన్నాడు. ఇద్దరం నవ్వుదామని చూశాం గానీ కుదరలేదు.

ఇప్పుడు మా ఒడ్డున ఆ పద్ధతి లేదు. కుర్రవాళ్ళు పడవలోంచి వీడియో కాల్ చేస్తారు, ఒడ్డున పెళ్ళాలు చేతులూపుతారు, ఎన్నింటికొస్తావని అరుస్తారు, వాళ్ళూ క్షేమంగానే తిరిగొస్తున్నారు. చాలామంది అసలు నీళ్ళల్లోకే పోరు, కృష్ణపట్నం వైపు పోర్టు పనులకో తడ కంపెనీలకో బస్సెక్కుతారు. ఉప్పు మీద తొక్కుడుబిళ్ళ లేదు, దగ్గే అవ్వ లేదు, ఎండుచేపల మంచం మీద కూర్చునే తాత లేడు. కోర్టు గదుల్లో బొమ్మల ఇళ్ళు మాత్రం ఉన్నాయని విన్నాను. మా బడిలో ఒక పిల్ల కిందటి వారమే అలాంటి గదికి పోయొచ్చింది. ఏమడిగారని నేను అడిగితే, బిస్కెట్లు బాగున్నాయి టీచర్ అంది.

ఆ సాయంత్రం నాయన నన్ను బస్సు దాకా దిగబెట్టాడు. నేనెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, బస్సు టైరు వైపు చూస్తూ, “నీళ్ళల్లోకి పోవాలమే” అన్నాడు. నేను మొహం లోపలికి తిప్పుకున్నాను. డిగ్రీ, బీఎడ్డు, రిపోర్టు చదివిన కోపం, ఏవీ అడ్డు రాలేదు. టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు, యాభై దాటినాయన, కిటికీలోంచి నాయన పోయిన వైపు చూసి, నన్ను చూశాడు.

“ఏందమ్మా, పెద్దాయనతో తగువా? మొగం అట్ట తిప్పుకునుండావే.”

“లేదన్నా. నీళ్ళల్లోకి పోతుండాడు.”

ఆయన కిటికీ వైపు వీపు పెట్టి తిరిగి, సూళ్ళూరుపేటకు టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు.